ఫారంలో లేని చదువు

సంపాదకుడికి,

ఆగస్టు 20 దోమల దినం నాడు మా ఊళ్లో ర్యాలీ తీశారు. 1897లో ఇదే రోజున సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడని మైకులో చెప్పారు. ముప్పై ఏళ్లు ఏజెన్సీలో రక్తపూతలు తీసి రిటైరైనవాణ్ని కనుక నన్నూ వేదిక ఎక్కించారు. అక్కడ అనలేని మాట మీకు రాస్తున్నాను.

మా మేనకోడలు బీడీఎస్ చేసింది. పళ్ల క్లినిక్ పెట్టుకోవే అంటే వినకుండా బ్యాంకు అప్పుతో ఇంగ్లండ్ వెళ్లి ఎంపీహెచ్ చదివింది. ప్రజారోగ్యంలో పీజీ అన్నమాట. అంటువ్యాధులు, వాటి మీద ప్రభుత్వాల విధానాలు ఆమె సబ్జెక్టు. డెంగీ మీద ప్రాజెక్టు పెట్టుకుని నెల్లాళ్లు మా ఇంట్లోనే ఉంది. శుక్రవారం డ్రై డే నాడు, అంటే ఇళ్లలో నిల్వ నీళ్లు పారబోయించే రోజున, నాతోపాటు వీధులు తిరిగింది. ఆశా కార్యకర్త, నేను డ్రమ్ములు, పూలకుండీలు చూసుకుంటూ పోతుంటే ఈ పిల్ల ఒకరింట్లో ఫ్రిజ్ వెనక ట్రే లాగింది. అందులో కాసిని నీళ్లు, నీళ్ల నిండా మెలికలు తిరిగే దోమపిల్లలు. సర్వీసులో ఎన్ని ఫ్రిజ్‌లు వదిలేశానో అనుకున్నాను. సాయంత్రం కూర్చుని ఆ వీధిలో జ్వరాలు ఏ ఇంట్లో ముందు వచ్చాయో, ఏ ఇంట్లో తర్వాతో కాగితం మీద చుక్కలు పెట్టి చూపించింది. మేమైతే అదంతా నెలాఖరు రిపోర్టులో ఒక్క అంకెగా పంపేవాళ్లం.

చదువయ్యాక ఇక్కడ ఒక కాంట్రాక్ట్ పోస్టుకు ఆన్‌లైన్‌లో పెట్టబోతే పీజీ కాలమ్‌లో ఎంపీహెచ్ లేదు. ‘ఇతరములు’ నొక్కింది. అర్హత లేదని వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తోంది. అమెరికా రోగుల బిల్లులకు కోడ్‌లు వేస్తూ అప్పు కడుతోంది.

ఎంపీహెచ్‌కు వెళ్లినవాళ్లందరూ ప్రజాసేవ కోసమే వెళ్లారని నేననను. వీసా కోసం చేరినవాళ్లూ ఉన్నారు. కానీ హైదరాబాద్‌లోనూ ఈ కోర్సు చెబుతున్నారు, సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ఉంది. ఆ పిల్లలకూ ఇదే కాలమ్ ఎదురైతే?

పక్కనే తమిళనాడు ఉంది. ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేట్, విడిగా కేడర్, అంటే ఆ పనికే ప్రత్యేకించిన ఉద్యోగుల వర్గం. డాక్టరైనా సరే ఆ కేడర్‌లో పైకి రావాలంటే ప్రజారోగ్యం చదవాలి. దానికి పునాదిగా చెప్పే 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం మన కోస్తాకీ రాయలసీమకీ కూడా వర్తించిందే. వాళ్లు నిలబెట్టుకున్నారు, మనం బీరువాలో పెట్టాం. నా పై అధికారుల్లో మంచి సర్జన్లు ఉండేవారు. కత్తి పట్టిన చేత్తో సీనియారిటీ కొద్దీ దోమల ఫైలు పట్టుకునేవారు. తప్పు వాళ్లది కాదు. రాష్ట్రాలన్నీ ప్రజారోగ్య కేడర్ పెట్టుకోవాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనే రాశారు.

2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోతుంటే ఎయిమ్స్ నుంచి, జాతీయ పోషకాహార సంస్థ నుంచి బృందాలు రావాల్సి వచ్చింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలేలోపు నీళ్లనీ కూరగాయల్నీ అన్నిటినీ అనుమానించాం. పెద్ద ల్యాబులు జిల్లాకొకటి ఉండవు, నిజమే. ఎవరు ఎప్పుడు పడిపోయారు, ముందురోజు ఏం తిన్నారు, ఏ కుళాయి నీళ్లు తాగారు అని మొదటి రోజే ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడం వచ్చిన మనిషి మాత్రం జిల్లాకొకరు ఉండొచ్చు. ఆ చదువులో నేర్పేది అదే.

కేడర్ అంటే ఆర్థిక శాఖ, కమిటీ, ఏళ్లు పడుతుందంటారు. సరే. ముందు ఆ ఆన్‌లైన్ ఫారంలో ఎంపీహెచ్ అని ఒక గడి చేర్చండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

– ఒక విశ్రాంత మలేరియా ఉద్యోగి, పార్వతీపురం