సార్వా ఊడ్పుల వేళ తల్లిదండ్రులకు ఉత్తరం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు కాలువల చివరిదాకా చేరి, గోదావరి డెల్టాలో సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు జోరుగా సాగుతున్నాయి. ఏడో తరగతి పిల్లలకు ఈ పంటను ఆకుమడి నుంచి కోత వరకు దగ్గరుండి చూపించాలని మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు సంకల్పించగా, పాఠశాల పక్కనున్న చేని రైతు సంతోషంగా ఒప్పుకున్నారు.

వరి ఎక్కడ పెరుగుతుందని అడిగితే మన పిల్లలందరూ తడుముకోకుండా "నీళ్లలో" అంటారు. అది సగం జవాబే. వరికి నిలవనీరు తప్పనిసరి కాదు, కానీ దాన్ని తట్టుకునే ఏర్పాటు ఆ మొక్కలో ఉంది: ఆకుల్లో, కాడల్లో, వేళ్లలో ఉండే సన్నని గాలి గదుల గుండా ప్రాణవాయువు కిందికి దిగుతుంది కనుక, మిగిలిన పైర్ల వేళ్లు కుళ్లిపోయే బురదలో కూడా వరి నిలదొక్కుకుంటుంది. ఆ నీటికింద చాలా రకాల కలుపు మొలవలేదు. రైతు నీరు కట్టడానికి ఇదొక ముఖ్య కారణం. దమ్ము చేసినప్పుడు, అంటే నీరు పెట్టి చేనును బురదగా దున్నినప్పుడు, అడుసు కింద గట్టిపొర ఏర్పడి నీటిని త్వరగా ఇంకనివ్వదు. అయితే నీరు ఎక్కువైతే నష్టమే. పిలకలు (పక్క కాడలు) వేసే రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్ల లోతు చాలు, చిరుపొట్ట దశ (కాడలో వెన్ను తయారవడం మొదలయ్యే సమయం) నుంచి గింజ పాలు పోసుకునేదాకా ఐదు సెంటీమీటర్లు ఉండాలి, కోతకు సుమారు పది రోజుల ముందు చేను ఆరగట్టాలి. పిల్లలు వారం వారం స్కేలుతో ఈ లోతు కొలిచి నోటుపుస్తకంలో రాస్తారు.

మొక్క నిలువునా మునిగితే వరి కూడా చచ్చిపోతుందని వరదలు చూసిన మీకు చెప్పనక్కరలేదు. మన జిల్లాలోని మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి వంగడం, అంటే ఎంటీయూ 7029, ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ముంపును ఓర్చుకునే ఒడిశా రకం నుంచి తీసుకున్న జన్యువును దానికి చేర్చి, దాదాపు రెండు వారాలు మునిగినా కోలుకునే స్వర్ణ సబ్-1ను 2009లో విడుదల చేశారు. మన ఊళ్లలో పుట్టిన వంగడానికి ఇంత చరిత్ర ఉన్నా పాఠ్యపుస్తకంలో దాని పేరు లేకపోవడం నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

స్వర్ణ సుమారు 150 రోజుల పంట, దాళ్వాలో (సార్వా తర్వాతి రెండో పంటగా) వేసే ఎంటీయూ 1010 రకం నాలుగు నెలల పంట. చిరుపొట్ట మొదలైనప్పటి నుంచి ఈనికకు (వెన్ను బయటికి రావడానికి) సుమారు 35 రోజులు, అక్కడి నుంచి గింజ పండటానికి సుమారు 30 రోజులు ఏ రకానికైనా ఇంచుమించు ఒకటే కాబట్టి, తేడా అంతా అంతకుముందు ఆకులు, పిలకలు వేసే కాలంలోనే ఉంటుంది. వరి పువ్వు మాత్రం ఉదయం పది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుని ఇంచుమించు గంటలోనే మూసుకుపోతుంది. అందుకే అక్టోబరులో ఒకటి రెండు రోజులు ఉదయం పీరియడ్లు మార్చవలసి వస్తుంది.

వరి మన కాలువల కిందే పండదని కూడా తరగతిలో చెబుతున్నాం. తెలంగాణలో చెరువుల కింద, బోర్ల కింద పండిస్తారు. కేరళలోని కుట్టనాడులో సముద్రమట్టం కన్నా పల్లంలో ఉన్న చేలలో పండిస్తారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో అపతానీలు వరిచేలలోనే చేపలు కూడా పెంచుతారు.

ఇక మీతో పని. ఊడ్పులకు వెళ్లే తల్లులలో ఎవరైనా ఒక పూట వచ్చి, నారును పైపైన ఎలా నాటాలో, లోతుగా గుచ్చితే పిలకలు ఎందుకు ఆలస్యమవుతాయో చూపిస్తే మా పాఠం కన్నా బాగుంటుంది. నాట్లు మాని విత్తనాలు వెదజల్లుతున్న రైతులు కూడా రావాలి, రెండు చేలనూ పిల్లలు పోల్చి చూడగలుగుతారు. పురుగుమందు కొట్టిన రోజుల్లో పిల్లలను చేలోకి తీసుకెళ్లం. బురదలో దిగే రోజున పాత బట్టలు, ఒక తువ్వాలు ఇచ్చి పంపండి. కాలికి పుండ్లు ఉన్న పిల్లలు గట్టు మీదనే ఉంటారు. దీంతో జతచేసిన అంగీకార పత్రంపై సంతకం చేసి శనివారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు