నొప్పి మాత్రల నుంచి బయటపడటానికి చేయూతనిచ్చిన వారికి కృతజ్ఞతలు

వెన్ను శస్త్రచికిత్స తర్వాత నాకు రాసిచ్చిన ఆక్సికోడోన్ మాత్రలు, గాయం మానిపోయిన తర్వాత కూడా మానలేని స్థితికి నన్ను చేర్చాయి. ఆ స్థితి నుంచి వైద్య పద్ధతిలో నన్ను బయటకు తీసుకువచ్చిన డాక్టరు గారికి, నర్సు గారికి, ఫార్మసిస్టు గారికి, మా అక్కయ్యకు, అదే చికిత్స పొందుతూ నాకు ధైర్యం చెప్పిన ఒక పెద్దాయనకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు అక్కరలేదనీ, తాము చేసిన పని ఏమిటో రాస్తే అవసరమున్న వారికి పనికొస్తుందనీ వారే అన్నారు కాబట్టి, ఆ పని గురించే వివరంగా రాస్తాను.

డాక్టరు గారిని మొదటిసారి కలిసినప్పుడు ఆయన అడిగినవన్నీ సూటిగా జవాబు చెప్పగల ప్రశ్నలే. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, వెంటనే పనిచేసే రకమా లేక మెల్లగా విడుదలయ్యే రకమా, చివరిది ఎప్పుడు వేసుకున్నారు, నిద్ర మాత్రలు గానీ మద్యం గానీ తోడవుతున్నాయా, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఏమైనా ఉందా, కాలేయానికి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగి, ప్రతి జవాబునూ రాసుకున్నారు. ఎందుకు ఇంతదాకా తెచ్చుకున్నారన్న ప్రశ్న మాత్రం ఆయన నోట రాలేదు. అంతకుముందు తలా ఒక మాట చెప్పిన వారిలో, మనసు గట్టి చేసుకుంటే ఎవరైనా మానేయవచ్చని అన్నవారే ఎక్కువ. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, ఆ మాట పదేపదే విన్న మనిషి తన బాధను దాచుకోవడం నేర్చుకుంటాడే తప్ప వైద్యుడి గడప తొక్కడు. డాక్టరు గారి పట్ల నా మొదటి కృతజ్ఞత ఆ అడగని ప్రశ్నకే.

మానేసినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో ఆయన ఓపికగా విడమరిచి చెప్పారు. మెదడు కాండంలో, ఒంటిని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్‌ను విడుదల చేసే నాడీకణాలను ఆక్సికోడోన్ వంటి నల్లమందు తరహా నొప్పి మందులు, అంటే ఓపియాయిడ్లు, అణచి ఉంచుతాయి. ఎక్కువ కాలం అలా అణిగి ఉన్న కణాలు, ఆ అణచివేతను తట్టుకుని పనిచేయడానికి తమ వేగాన్ని పెంచుకుంటాయి. మందు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు అణచేది లేక, పెరిగిన వేగం మాత్రమే మిగులుతుంది. గుండె దడ, చెమటలు, కనుపాపలు పెద్దవి కావడం, ఒళ్ళంతా గగుర్పొడవడం, కాలు ఒకచోట నిలవకపోవడం, నిద్ర దూరం కావడం చాలావరకు అందువల్లనేనట. ఈ మందుల వల్ల ఇంతకాలం మందగించి ఉన్న పేగులు కూడా ఒక్కసారిగా చురుకుదేరి, విరేచనాలూ కడుపులో మెలిపెట్టే నొప్పీ మొదలవుతాయి. ఇదంతా విన్న తర్వాత, నాలో ఏదో లోపం ఉండబట్టే ఇలా వణికిపోతున్నానన్న అనుమానం నన్ను వదిలిపోయింది.

ఆయన చెప్పిన గడువులు కూడా నాకెంతో ఊరటనిచ్చాయి. తక్కువ సేపు పనిచేసే ఓపియాయిడ్లయితే చివరి మోతాదు తర్వాత 8 నుంచి 24 గంటల్లో లక్షణాలు మొదలై, సాధారణంగా 4 నుంచి 10 రోజుల వరకు ఉంటాయి. మెథడోన్ వంటి దీర్ఘకాలం పనిచేసే మందులయితే 12 నుంచి 48 గంటల్లో మొదలై, 10 నుంచి 20 రోజుల వరకు సాగుతాయి. తక్కువ సేపు పనిచేసేవాటికి రెండు మూడు రోజుల దగ్గర బాధ తారస్థాయికి చేరుతుంది. ఒక బాధకు అంతం ఎక్కడో ముందే తెలిసి ఉండటం ఎంత బలాన్నిస్తుందో అనుభవించిన వారికే తెలుస్తుంది. నిద్రలేమీ దిగులూ మాత్రం వారాల తరబడి మిగిలిపోవచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పారు. అవి నిజంగానే మిగిలినప్పుడు నేను బెంబేలెత్తకపోవడానికి ఆ ముందుమాటే కారణం.

చికిత్సకు ఎంచుకున్న మందు బ్యుప్రెనార్ఫిన్. ఇది కూడా ఓపియాయిడే గానీ, మెదడులో ఈ మందులు అతుక్కునే గ్రాహకాలను పాక్షికంగా మాత్రమే ప్రేరేపిస్తుంది. పైగా వాటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, అక్కడ అప్పటికే ఉన్న మరో ఓపియాయిడ్‌ను తోసేసి ఆ చోటులో తాను కూర్చుంటుంది. మొదటి మాత్ర తొందరపడి ఇవ్వకపోవడానికి కారణం అదే. పాత మందు ఇంకా నిండుగా ఉన్నప్పుడు దీన్ని వేసుకుంటే, మెల్లగా రావలసిన మందు మానిన బాధ, అంటే విత్‌డ్రాయల్ కొద్దిసేపట్లోనే తీవ్రంగా విరుచుకుపడుతుంది. అందువల్ల తక్కువ సేపు పనిచేసే మందులు వాడేవారికి సాధారణంగా చివరి మోతాదు తర్వాత 12 నుంచి 24 గంటలు ఆగమంటారు. ఆ తర్వాత కూడా గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా లక్షణాలను కొలిచి చూస్తారు.

ఆ కొలిచే పని నర్సు గారిది. ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో పెట్టడం కష్టం. మందు మానిన బాధ తీవ్రతను లెక్కగట్టే, కౌస్ (COWS) అని పిలిచే కొలమానం ఒకటుంది; అందులో 11 అంశాలకు మార్కులు వేసి కూడితే గరిష్ఠంగా 48 వస్తుంది, 5 నుంచి 12 వరకు తేలికపాటి స్థితి, 13 నుంచి 24 వరకు మధ్యస్థం, 25 నుంచి 36 వరకు ఒక మోస్తరు తీవ్రం, ఆపైన తీవ్రం. ఆమె నన్ను కాసేపు కదలకుండా కూర్చోబెట్టి నాడి చూశారు. గదిలో వెలుతురు మామూలుగా ఉండేలా చూసుకుని నా కనుపాపలను గమనించారు. రెండు చేతులూ ముందుకు చాచమని వేళ్ళ వణుకు చూశారు, ముంజేతి మీద తన వేలిని మెల్లగా జరిపి రోమాలు నిక్కబొడుచుకున్నాయో లేదో తడిమి చూశారు. మాట్లాడుతున్నంతసేపూ నేనెన్నిసార్లు ఆవలించానో ఆమె లెక్కపెట్టుకుంటున్నారని తర్వాత కాగితం చూసేదాకా నాకు తెలియలేదు. మొదటిసారి వచ్చిన మొత్తం తక్కువగా ఉండటంతో ఇంకా ఆగాలన్నారు. ఇప్పుడే మాత్ర ఇమ్మని నేను బతిమాలినప్పుడు ఆమె ముఖం చిట్లించలేదు, మెత్తబడనూ లేదు. దుప్పటి తెచ్చి కప్పి, కొద్ది కొద్దిగా ఓఆర్ఎస్ తాగిస్తూ, మళ్ళీ కొలిచే సమయం ఎప్పుడో చెప్పి, సరిగ్గా ఆ సమయానికి వచ్చారు.

మొత్తం 13 దాటిన తర్వాత మొదటి మాత్ర ఇచ్చారు. ముందుగా ఒక గుక్క నీళ్ళతో నోరు తడుపుకోమని, మాత్రను నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా మాట్లాడవద్దని, నమలవద్దని, మింగవద్దని చెప్పారు. మింగేస్తే ఈ మందు చాలావరకు కాలేయంలోనే నాశనమై రక్తంలోకి చేరేది తక్కువట. నోరంతా చేదుగా ఉండి లాలాజలం ఊరుతున్నా ఉమ్మకుండా, మింగకుండా కూర్చున్న ఆ నిమిషాల్లో, చేయవలసిన పనులు ఎన్నో ఉన్నా ఆమె నా ఎదురుగా కుర్చీ వేసుకుని మౌనంగా కూర్చున్నారు. గంట గడిచేసరికి ఒళ్ళు కుదుటపడసాగింది. వెన్నులో అలలు అలలుగా వస్తున్న చలి తగ్గింది, ముక్కు కారడం ఆగింది, కాళ్ళు వాటంతటవే నిలకడకు వచ్చాయి. బిగబట్టిన ప్రాణం తేలికపడటం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

ఫార్మసిస్టు గారు చేసిన సాయం పైకి చిన్నదిగా కనిపించినా, అది నన్ను రెండు మూడు ప్రమాదాల నుంచి కాపాడిందని నా నమ్మకం. చెమటలు, దడ తగ్గడానికి క్లోనిడిన్ రాసినప్పుడు, అది బీపీని పడేస్తుంది కాబట్టి ప్రతి మోతాదుకూ ముందు బీపీ చూసుకోవాలనీ, మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదనీ ఆయన చెప్పారు. విరేచనాలకు వాడే లోపరమైడ్‌ను పెట్టె మీద రాసిన మోతాదుకు మించి వేసుకుంటే గుండె లయ ప్రాణాంతకంగా దెబ్బతినవచ్చని హెచ్చరించారు. నిద్ర కోసం బెంజోడయజెపిన్ మాత్రలు సొంతంగా కలుపుకుంటే శ్వాస మందగించే ముప్పు ఉందనీ, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ కలయిక మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేసిందనీ చెప్పి, ఇంట్లో ఉన్న పాత మందులన్నిటి పేర్లూ అడిగి తెలుసుకున్నారు. నోటిలో కరిగే బ్యుప్రెనార్ఫిన్ వల్ల పళ్ళు పాడయ్యే అవకాశం గురించి అదే సంస్థ 2022లో చెప్పిన జాగ్రత్తలను కూడా ఆయనే వివరించారు: మాత్ర కరిగాక నీళ్ళు పుక్కిలించి మింగాలి, పళ్ళు తోమడానికి కనీసం గంట ఆగాలి. ఇంత చిన్న విషయం కోసం కౌంటరు దాటి వచ్చి చెప్పే మనిషి దొరకడం నా అదృష్టం.

కుదుటపడిన కొద్ది రోజులకే ఈ మాత్ర కూడా ఎప్పుడు ఆపేద్దామని డాక్టరు గారిని అడిగాను. ఒక మందు మానడానికి మరో మందు పట్టుకోవడమేమిటన్న మాట ఇంట్లోనూ బయటా వినిపిస్తూనే ఉంది. ఆయన విసుక్కోకుండా, ఈ చికిత్స నిన్న మొన్న పుట్టినది కాదని, న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు హెరాయిన్ వ్యసనానికి మెథడోన్‌తో చేసిన చికిత్స ఫలితాలను 1965లోనే ప్రచురించారని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌నూ బ్యుప్రెనార్ఫిన్‌నూ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చిందని చెప్పారు. వారం పది రోజుల్లో శరీరాన్ని ఖాళీ చేసి పంపేస్తే, అంతకుముందు అలవాటైన మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. అలాంటి సమయంలో మళ్ళీ పాత మోతాదు వేసుకున్నవారికి శ్వాస ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే విత్‌డ్రాయల్ దాటించడం చికిత్సలో తొలి అంకం మాత్రమేనని, మిగతాది నెలలూ ఒక్కోసారి సంవత్సరాలూ పడుతుందని ఆయన నాకూ అక్కయ్యకూ కలిపి చెప్పారు. ఓపియాయిడ్‌ను పూర్తిగా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మరో మార్గం ఉందనీ, దానికి ముందు 7 నుంచి 10 రోజులు ఏ ఓపియాయిడూ లేకుండా ఉండాలనీ చెప్పి, ఎంపికను నాకే వదిలారు. నేను ఉన్నదాన్నే కొనసాగించాను.

మా అక్కయ్య గురించి ఎక్కువ రాస్తే తనకు నచ్చదు. అయినా ఒకటి చెప్పాలి. అధిక మోతాదు ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ స్ప్రే ఎలా వాడాలో తను పట్టుబట్టి నేర్చుకుంది. మనిషి పిలిస్తే పలకకపోవడం, పెదవులు నీలిరంగుకు మారడం, కనుపాపలు సూదిమొనంత కుంచించుకుపోవడం, ఊపిరి మరీ మెల్లగా ఆడటం కనిపిస్తే ముందు అత్యవసర సేవలకు ఫోన్ చేసి, స్ప్రే ఇచ్చి, శ్వాస అందించాలనీ, నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోవచ్చు కాబట్టి మనిషి లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకూడదనీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అతికించింది. నా మాత్రల పెట్టెకు తాళం వేసి పిల్లలకు అందని చోట పెట్టింది. నామీద నమ్మకం లేక ఇదంతా చేస్తున్నావా అని ఉక్రోషంగా అడిగితే, "నువ్వు బతికి ఉంటేనే కదరా నమ్మకం సంగతి" అని తన పని తాను చేసుకుపోయింది.

చికిత్సాలయంలో పరిచయమైన పెద్దాయన మెథడోన్ మీద ఉన్నారు. రోజూ వచ్చి సిబ్బంది ఎదుట ద్రవరూపంలో ఉన్న మందు తాగి, అప్పుడప్పుడూ గుండె లయ కోసం ఈసీజీ తీయించుకుని వెళ్ళేవారు. నాకు నిద్రపట్టని రోజుల్లో, పడుకుని నిద్ర కోసం కుస్తీ పట్టవద్దని, లేచి కాసేపు నడిచి మళ్ళీ పడుకోమని, పగటి కునుకు మానమని ఆయన చెప్పిన సలహా బాగా పనిచేసింది. అక్కడే ట్రమడాల్ అనే నొప్పి మాత్ర మానడానికి వచ్చిన ఒక కుర్రవాడికి మామూలు లక్షణాలతో పాటు విపరీతమైన భయం, చేతుల్లో తిమ్మిర్లు వచ్చేవి. ఆ మందు మెదడు రసాయనాలయిన నోరడ్రినలిన్, సెరటోనిన్‌ల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి అలా జరగవచ్చని పెద్దాయనే అతన్ని సముదాయించి, నర్సు గారి దగ్గరకు తీసుకెళ్ళేవారు. ఆయన తన గురించి ఎప్పుడూ ఎక్కువ చెప్పుకోలేదు.

ఇదే అవస్థలో ఉండి ఇది చదువుతున్నవారు, ముఖ్యంగా గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, మద్యం గానీ నిద్ర మాత్రలు గానీ కలిపి వాడుతున్నవారు, ఇంట్లో ఒంటరిగా ఒక్కసారిగా ఆపే ప్రయత్నం చేయవద్దని డాక్టరు గారు ప్రత్యేకంగా రాయమన్నారు. గర్భంతో ఉన్నప్పుడు హఠాత్తుగా మానితే బిడ్డకు ముప్పు. అలాంటివారికి మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ ఇస్తూ కాపాడతారు. వాంతులూ విరేచనాలూ ఆగక ఒంట్లో నీరు తగ్గిపోతుంటే మరుసటి రోజు దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటిసారి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల ఖాళీ అట్టలు, చివరి మోతాదు వేసుకున్న సమయం రాసిన చీటీ వెంట తీసుకెళ్తే, అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే ఉంటుంది.

నేను ఇంకా బ్యుప్రెనార్ఫిన్ వేసుకుంటూనే ఉన్నాను. మోతాదు తగ్గించే సంగతి ఈమధ్య ఎత్తితే, నిద్రా పనీ నిలకడగా ఉన్నాయి కాబట్టి తొందరేమీ లేదని, తగ్గించినా ఒక్కో మెట్టుకూ వారాల వ్యవధి ఇద్దామని, ఏ మెట్టు దగ్గర ఇబ్బందయినా అక్కడే ఆగిపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. నర్సు గారు ఇప్పటికీ వెళ్ళిన ప్రతిసారీ చేతులు చాచమంటున్నారు. వారిద్దరికీ, పైన చెప్పిన మిగతా ముగ్గురికీ మనస్ఫూర్తిగా నా నమస్కారాలు.