లీడర్లను మార్చరు, మీటింగులు పెట్టరు

సంపాదకుడు గారికి,

మా మండలంలో ఒక పొదుపు గ్రూపు లీడరు సభ్యుల కంతు డబ్బులు బ్యాంకులో కట్టకుండా వాడుకున్న వార్త పది రోజుల కింద మీ పత్రికలో వచ్చింది. అప్పుడే రాయాల్సింది, కోతల పనిలో పడి కుదరలేదు. ఆమెను నేను వెనకేసుకు రావడం లేదు, తిన్న డబ్బు కట్టాల్సిందే. కానీ సభ్యులే జాగ్రత్తగా ఉండాలని అధికారులు చెప్పి చేతులు దులుపుకోవడం చూస్తే ఒళ్లు మండింది.

నేను గ్రూపులో చేరి ఇరవై రెండేళ్లు. నాలుగేళ్లు మొదటి లీడరుగా చేశాను. అప్పట్లో నెలకు రెండుసార్లు వేపచెట్టు కింద అందరం చాప మీదే కూర్చునేవాళ్లం, లీడరుకు వేరే కుర్చీ ఉండేది కాదు. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత అప్పుందో పుస్తకం పైకి చదివేవాళ్లం. అక్షరం రానివాళ్లు కూడా తమ లెక్క నోటితో చెప్పేవాళ్లు. ఒకసారి గేదెకని ఒకరు, కూతురి కాన్పుకని ఒకరు ఒకే డబ్బు కోసం పట్టుబట్టారు. దీపాలు పెట్టేదాకా మాట్లాడి, కాన్పుకు ఇచ్చి, తర్వాతి వంతు గేదెకని తీర్మానం రాసుకున్నాం. ఆరోజు అలిగి వెళ్లిన మనిషే ఈరోజు మా రెండో లీడరు. మాట్లాడని వాళ్లను ముందు అడగాలని, రెండేళ్లకోసారి లీడర్లను మార్చాలని మాకు శిక్షణలో చెప్పింది గ్రూపుల పని చూసే ప్రభుత్వ పథకం వెలుగు సిబ్బందే.

ఆ శిక్షణ ఏమైంది? క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు ఊళ్లోని గ్రూపులన్నీ కలిసిన సమాఖ్య గోడ మీద ఇంకా ఉన్నాయి. మీటింగు మాత్రం బ్యాంకు లోను వచ్చినప్పుడే. మిగతా నెలల్లో మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు. లెక్క ఫోనులో ఎక్కించేశాం అంటారు, అందులో ఏముందో పది మందిలో ఎనిమిది మందికి తెలియదు. పదేళ్లుగా ఒక్కరే లీడరుగా ఉన్న గ్రూపులు మా ఊళ్లోనే ఉన్నాయి. మారిస్తే బ్యాంకులో సంతకాలు మార్చాలి, అది పెద్ద టెన్షన్ అని సిబ్బందే వద్దంటారు. పైగా ఎక్కడ సభ జరిగినా లీడరుకు ఫోను చేసి మనుషుల్ని తెమ్మంటారు. రాకపోతే లోను ఆగిపోతుందని భయపెడతారు. అలా లీడరు గ్రూపు మనిషి కాకుండా ఆఫీసు మనిషి అయిపోయింది.

గ్రూపులే కాదు, 1997లో చట్టం చేసి పెట్టిన సాగునీటి సంఘాలకూ ఈ గతే పట్టింది. కాలవ పూడిక ఎవరు తీయాలో మా ఊళ్లో అడిగే దిక్కు లేదు. బడి కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో మాకు చెప్పరు.

మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ నేల ఇది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది వాళ్ల పోరాటంతోనే. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచుకుని పొదుపులక్ష్మి గ్రూపులు పెట్టుకున్నాం. ఏ ఆఫీసరూ ఫోను చేసి పిలిస్తే వచ్చినవాళ్లం కాదు.

వచ్చే నెల మా గ్రామ సమాఖ్య మీటింగుకు మండలంలో గ్రూపుల పని చూసే అధికారి ఏపీఎం గారు రావాలి. ప్రతి గ్రూపు పుస్తకం సభ్యుల ముందు చదివించాలి. రెండేళ్లు దాటిన లీడర్లను అక్కడికక్కడే మార్పించి, బ్యాంకు సంతకాల పని వాళ్లే దగ్గరుండి చేయించాలి.

ఇట్లు,
ఒక పొదుపు గ్రూపు సభ్యురాలు,
నెల్లూరు జిల్లా