తలుపు దగ్గర ఎవరు అడగాలి?

ఇర్వింగ్, టెక్సస్
నవంబరు 2025

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం అంది చాలా రోజులైనా జవాబు రాయలేకపోయినందుకు మన్నించు. దసరా ముందు నుంచి హోటలులో ఊపిరి సలపని పని. అమ్మకు కంటి ఆపరేషను బాగా జరిగింది, పెద్దవాడు కాలేజీలో చేరాడు, మిగతా కబుర్లు ఫోనులో చెప్పుకుందాం. ఈ ఉత్తరం ఒక్క విషయం కోసమే, మా హోటలులోకి తుపాకితో వచ్చేవాళ్ల గురించే రాస్తున్నాను. వకీలువైన నీతో దీన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

దీపావళి తరువాతి ఆదివారం మధ్యాహ్నం, కూర్చోవడానికి చోటు లేని వేళ, ఈ ఊరివాడే అయిన ఒకాయన భార్యతోనూ ఇద్దరు ఆడపిల్లలతోనూ వచ్చి గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన నడుముకు తోలు ఒరలో పిస్తోలు అందరికీ కనబడేలా వేలాడుతోంది. పక్క బల్ల దగ్గర, గుంటూరు నుంచి కొడుకును చూడడానికి వచ్చిన పెద్ద దంపతులు ఉన్నారు. ఆవిడ చూపు దాని మీద పడిన తరువాత ముద్ద గొంతు దిగలేదు. కొడుకు ఎంత నచ్చజెప్పినా వినకుండా, పెసరట్టు సగంలో వదిలేసి, మనవణ్ణి చంకన వేసుకుని బయటికి నడిచింది. కౌంటరులో ఉన్న మా పిన్ని నా వైపు చూసింది. ఆమె ఏమీ అనలేదు, కానీ నేను వెళ్లి మాట్లాడకపోతే తాను వెళ్లవలసి వస్తుందేమోనన్న భయం ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది.

నేనే వెళ్లాను. పిల్లల ముందు ఆయన గౌరవానికి భంగం కలగకుండా వంగి, మెల్లగా, దాన్ని కారులో పెట్టి రావలసిందిగా కోరాను. సూర్యం, ఆయన ఒక్క మాట కూడా తూలలేదు. "తలుపు మీద బోర్డు లేదు కనుక మీకు అభ్యంతరం లేదనుకున్నాను, ముందే చెప్పి ఉంటే తెచ్చేవాణ్ణే కాదు" అని లేచి, కారులో పెట్టి వచ్చి, భోజనం ముగించి, పిన్నికి నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. ఆయన మర్యాదస్థుడు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. చట్టం కూడా ఆయన పక్షానే ఉంది. నన్ను ఇన్ని రోజులుగా వేధిస్తున్నది కూడా అదే.

ఇక్కడి పద్ధతి నీకు కొంచెం వివరించాలి. లైసెన్సు ఉన్నవాళ్లు పిస్తోలును పైకి కనబడేలా ధరించవచ్చని ఈ రాష్ట్రం 2016 జనవరి 1 నుంచి అనుమతించింది. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని వారెవరికైనా ఆ లైసెన్సు కూడా అక్కరలేకపోయింది. మీ తాతగారి రెండు గొట్టాల తుపాకిని ఎన్నికలు వచ్చినప్పుడల్లా గుడ్డలో చుట్టి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం చూసి పెరిగినవాళ్లం మనం. ఆ వాతావరణం నుంచి వచ్చిన మనకు ఇదంతా మింగుడుపడడానికి కాలం పడుతుంది. అయినా తుపాకి ఉండాలా వద్దా అన్న వాదనలోకి నేను దిగడం లేదు. అది ఈ దేశస్థులు తమ రాజ్యాంగంతో తేల్చుకోవలసిన విషయం. నా ప్రశ్న నా గడప దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది.

ఆస్తి యజమానికి వద్దనే హక్కు ఉంది, నిజమే. అయితే ఆ హక్కును వాడుకునే తీరు ఎలా ఉందో చూడు. తుపాకి బొమ్మ మీద ఎర్ర గీత గీసి అంటిస్తే లైసెన్సుదారుకు అది లెక్కలోకి రాదు. దాచి తెచ్చే లైసెన్సుదారుకు 30.06 అనే సెక్షను కింద ఒక బోర్డు, పైకి కనబడేలా తెచ్చేవాడికి 30.07 కింద మరొకటి, లైసెన్సు లేకుండా తెచ్చేవాడికి 30.05 కింద ఇంకొకటి కావాలి. మొదటి రెండింటి మీద చట్టం నిర్దేశించిన వాక్యాలే, ఇంగ్లీషులోనూ స్పానిషులోనూ, కనీసం ఒక అంగుళం ఎత్తు అక్షరాలతో, అందరికీ స్పష్టంగా కనబడేలా ఉండాలి; రెండోది ప్రతి ద్వారం దగ్గరా ఉండాలి. మా హోటలుకు ఉన్నది ఒక్క అద్దాల తలుపు. ఇవన్నీ పెడితే లోపల భోజనం దొరుకుతుందో, కోర్టు నడుస్తుందో బయటి నుంచి తెలియదు. బోర్డును లెక్కచేయకుండా వచ్చినవాడికి జరిమానా 200 డాలర్లకు మించదు. ఎదురుగా నిలబడి నోటితో చెప్పినా వెళ్లకపోతే మాత్రం ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. అంటే చట్టం అన్నిటికంటే ఎక్కువ బలం ఇచ్చింది నోటిమాటకే. ఆ మాట చెప్పవలసింది ఎవరు? నేను లేని రోజున మా పిన్ని. ఇంగ్లీషులో ధరలు తప్ప మరో వాక్యం ధైర్యంగా పలకలేని ఆమె, నడుముకు పిస్తోలు ఉన్న మనిషి ఎదుట నిలబడి, "బయట పెట్టి రండి" అని చెప్పాలి.

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, సూర్యం. యజమాని మౌనాన్ని చట్టం అంగీకారంగా లెక్కగట్టినప్పుడు, ఆయుధం లేనివాడు ఆయుధం ఉన్నవాడి దగ్గరికి వెళ్లి అడగవలసి వస్తుంది. మౌనాన్ని నిరాకరణగా లెక్కగడితే ఆయుధం ఉన్నవాడే తలుపు దగ్గర ఆగి, "తేవచ్చా?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు నోరు తెరవక తప్పనప్పుడు ఆ భారం ఆయుధం ఉన్నవాడి మీద ఉండడమే న్యాయమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

హవాయి రాష్ట్రం 2023లో సరిగ్గా ఈ రెండో పద్ధతినే చట్టం చేసింది. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు స్థలంలోకి యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా తుపాకి తీసుకురాకూడదు. మావీ ద్వీపంలోని ముగ్గురు దాన్ని సవాలు చేశారు. పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు (తొమ్మిదో సర్క్యూట్) 2024లో హవాయి పద్ధతిని సమర్థిస్తూనే, అదే తీర్పులో అలాంటిదే అయిన కాలిఫోర్నియా పద్ధతిని నిలిపివేసింది. కారణం నీకు నచ్చుతుంది: హవాయిలో యజమాని నోటితోనైనా అనుమతి ఇవ్వవచ్చు, కాలిఫోర్నియాలో బోర్డు ద్వారానే ఇవ్వాలి. హవాయి కేసును సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు స్వీకరించింది. 2022 నాటి బ్రూయెన్ తీర్పులో ఇంటి బయట తుపాకి ధరించడం రాజ్యాంగ హక్కేనని ఆ కోర్టే చెప్పింది కనుక, ప్రతి దుకాణమూ ముందే మూసిన తలుపైతే ఆ హక్కు రోడ్డు మీదికే పరిమితమవుతుందని సవాలు చేసినవారి వాదన. అందులో బలం ఉంది. కానీ తన స్థలంలోకి ఎవరు ఏమి తేవచ్చో చెప్పే హక్కు అంతకంటే పాతది కాదా? అనుమతి లేకుండా ఒకరి స్థలంలో అడుగుపెట్టడం గురించి నీ నోట ఎన్నోసార్లు విన్న ఆ ట్రెస్‌పాస్ సూత్రాలు...

మా తలుపు మీద బోర్డు పెట్టాలన్న నా ఆలోచనకు మా బావ పూర్తిగా వ్యతిరేకం. రాత్రి హోటలు కట్టేసి డబ్బు సంచితో బయటికి వెళ్లేది ఆయన. గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో పనిచేసే మనవాళ్లు దోపిడీ దొంగల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదివి లైసెన్సు తీసుకున్నాడు. "దొంగ బోర్డు చదివి వెనక్కి పోతాడా? బోర్డు చూసి మానేది మర్యాదస్థుడే" అంటాడు. ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఆయన భయాన్ని తేలిక చేయను కూడా. కానీ దొంగను ఆపడానికి కాదు నేను బోర్డు అడుగుతున్నది. ఆ గుంటూరు పెద్దావిడ నిశ్చింతగా పెసరట్టు తినడానికీ, మా పిన్ని నోరు తెరవవలసిన అవసరం లేకపోవడానికీ అడుగుతున్నాను. తన దుకాణంలో తాను ఆయుధం ఉంచుకోవడానికి బావకు ఏ బోర్డూ అడ్డు రాదు.

ఈ రాష్ట్రంలోనే ఉన్న ఎల్ పాసోలో 2019 ఆగస్టులో వాల్‌మార్ట్‌లో జరిగిన కాల్పుల్లో 23 మంది చనిపోయిన తరువాత, అంత పెద్ద సంస్థ కూడా కనబడేలా తుపాకులు తేవద్దని కొనుగోలుదారులను కోరిందే తప్ప పూర్తిగా నిషేధించలేదు. వాళ్లకే అంత జంకు ఉంటే పన్నెండు బల్లల మా హోటలు ఎంత? పైగా ఆ ఆదివారం నేను కారులో పెట్టించిన తుపాకి కూడా... కార్ల అద్దాలు పగలగొట్టి తుపాకులు ఎత్తుకుపోవడం ఇక్కడ మామూలే. అది ఎవరి చేతికైనా చిక్కి ఉంటే? ఉద్యోగి తాళం వేసిన కారులో తుపాకి ఉంచుకుంటే యజమాని వద్దనకూడదని 2011 నుంచి ఇక్కడ చట్టం ఉంది కనుక, పార్కింగు స్థలానికి వచ్చేసరికి నా హక్కు ఇంకా కుదించుకుపోయింది. దీని గురించి విడిగా రాయాలి.

బోర్డులు రాసేవాడు తలుపు కొలతలకు వచ్చాడు, బావ అప్పుడే అతనితో వాదన మొదలుపెట్టాడు, నేను వెళ్లకపోతే పంపించేస్తాడు. సుప్రీంకోర్టు హవాయి చట్టాన్ని కొట్టేస్తే మౌనం ఎవరి పక్షమో నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు మిగులుతుందా లేదా అన్నది మాత్రం తప్పకుండా రాయి.

నీ
రమణ