'ఫైల్ ఫొటో' కాదు, ఖల్దేయ్ తీసిన ఫొటో

సంపాదకులకు నమస్కారం.

బెర్లిన్ పతనంపై వ్యాసంతో పాటు జర్మనీ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ మీద ఎర్రజెండా నిలుపుతున్న సైనికుల చిత్రం వేశారు. కింద 'ఫైల్ ఫొటో' అని మాత్రమే ఉంది. ముప్ఫై ఏళ్లు చీకటి గదిలో ఫిల్ములు కడిగినవాడిని, బాధ కలిగింది.

1945 మే 2న ఆ చిత్రం తీసింది సోవియట్ వార్తా సంస్థ టాస్ ఫొటోగ్రాఫర్ యెవ్‌గేనీ ఖల్దేయ్. మాస్కోలో ఎర్రని బల్లగుడ్డలతో కుట్టించిన జెండాను వెంట తీసుకువెళ్లి, సైనికులను నిలబెట్టి లైకా కెమెరాతో తీశాడు. ఒకరి రెండు చేతులకూ గడియారాలు ఉంటే, దోచినవని తెలిసిపోతుందని ఒకదాన్ని నెగెటివ్ మీద గీకేశాడు. దాన్ని నేను సమర్థించను. వార్తాచిత్రంలో చుక్క కూడా మార్చకూడదు. కానీ పసితనంలో యూదులపై జరిగిన దాడిలో తల్లిని చంపిన తూటా అతనికీ తగిలింది. తండ్రిని, తోబుట్టువులను నాజీలు చంపారు. ఆ మనిషి శిథిల బెర్లిన్‌లో భవనం పైకెక్కి నిలిచాడు.

అదే ఏడాది జనవరిలో బుడాపెస్ట్‌లో, యూదులు తప్పనిసరిగా ధరించాల్సి వచ్చిన పసుపు నక్షత్రాలు కోట్లపై ఉండగా నిలిచిన యూదు దంపతులనూ అతనే తీశాడు. వీలైతే ఆ చిత్రమూ వేయండి, ఈసారి అతని పేరుతో.

— విశ్రాంత ఫొటోగ్రాఫర్, తెనాలి