మీ ఉదాహరణ వాక్యాలే తప్పయితే మా పిల్లలు ఏం నేర్చుకోవాలి?

బైరాగిపట్టెడ,
తిరుపతి.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ అడ్వాన్స్‌డ్ వొకాబులరీ కోర్సులోని ఉదాహరణ వాక్యాల గురించి, డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

నేను ఇంటి దగ్గరే డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఊళ్లోవాళ్లే కాక చంద్రగిరి, పాకాల, రేణిగుంట నుంచి కూడా బస్సుల్లో వస్తారు. చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. వాళ్లలో విదేశాల్లో పైచదువులకు జీఆర్ఈ పరీక్ష రాయాలనుకుంటున్న వాళ్ల కోసం మీ ఏడాది కోర్సుకు రూ.4,999 కట్టాను. ‘బట్టీ వద్దు, ప్రతి మాటా వాక్యంలోనే నేర్చుకోండి’ అన్న మీ ప్రకటన చూసే కట్టాను. ఆ పద్ధతి మంచిదని నేనూ నమ్ముతాను. మీ కోర్సులో ఆ పద్ధతే లేదు. అదే నా ఫిర్యాదు.

‘లాకోనిక్’ అనే మాట చూడండి, క్లుప్తంగా మాట్లాడే అని అర్థం. మీరిచ్చిన వాక్యం ‘హి ఈజ్ ఎ లాకోనిక్ మ్యాన్’. అక్కడ లాకోనిక్ తీసేసి పొడుగు, పిసినారి, మంచివాడు, ఏది పెట్టినా వాక్యం నడుస్తుంది. అలాంటప్పుడు ఆ వాక్యం వల్ల పిల్లలకు తెలిసిందేమిటి? ‘అరగంట సేపు ఎన్ని అడిగినా ఒకటి రెండు మాటల్లోనే జవాబు చెప్పి ఊరుకున్నాడు’ అన్న సందర్భంలో ఆ మాట పెట్టి ఉంటే, డిక్షనరీ తీయకుండానే అర్థం దొరికేది. మీ కోర్సులో చాలా వాక్యాలు ఈ లాకోనిక్ వాక్యం లాంటివే.

పరీక్షే ఇప్పుడు సందర్భం మీద నడుస్తోంది. జీఆర్ఈలో వ్యతిరేక పదాలు, అనాలజీల (పదాల జతల మధ్య పోలిక) ప్రశ్నలను 2011లోనే తీసేశారు. ఇప్పుడున్న సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా రెండు ఎంచుకోమంటారు. రెంటిలో ఒకటి తప్పినా మార్కు రాదు. మాట ఎక్కడ ఇముడుతుందో తెలియకుండా అర్థం ఒక్కటే తెలిస్తే సరిపోదు.

వాక్యాలు పేలవంగా ఉంటే నేనే వేరేవి రాసి చెప్పుకుంటాను. తప్పు వాక్యాలను మాత్రం సహించలేను. ‘ఎనర్వేట్’ అంటే సత్తువ లాగేయడం. మీ వాక్యంలో ఒకతను కాఫీ తాగి ‘ఎనర్వేట్’ అయి రాత్రంతా హుషారుగా పనిచేశాడు! ఎనర్జీ అన్న మాటకు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి పిల్లలు ఎలాగూ ఇక్కడే పడతారు. వాళ్లను పట్టుకోవాల్సిన చోట మీరే తోసేశారు. ‘డిసింటరెస్టెడ్’ను లెక్కలంటే ఆసక్తి లేని కుర్రాడికి వాడారు. మాటల్లో అలా వాడేవాళ్లున్నారు, నిజమే. కానీ ఈ స్థాయిలో నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పాల్సింది ‘ఏ పక్షమూ వహించని’ అనే అర్థం. అడ్డుపడటం అనే అర్థంలో ‘మిలిటేట్ అగైనెస్ట్’ అని రావాల్సిన చోట ‘మిటిగేట్ అగైనెస్ట్’ అని వేశారు; మిటిగేట్ అంటే తీవ్రత తగ్గించడం. ‘శాంక్షన్’కు అనుమతి అన్న అర్థం ఒక్కటే ఇచ్చారు. లోన్ శాంక్షన్ అయిందన్న మాట ఇక్కడ ప్రతి ఇంట్లో తెలుసు, దానికి మీ కోర్సు అక్కర్లేదు. ఒక దేశం మీద ఆంక్షలు విధించడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారని, రెండూ దాదాపు ఎదురెదురు అర్థాలని వాక్యాలతో చూపించాల్సింది కదా!

ఎనర్వేట్ దగ్గర ఒకమ్మాయి నాతో వాదించింది. ‘యాప్‌లో ఇలాగే ఉంది కదా మేడమ్’ అని ఫోన్ చూపించింది. ఆమె తప్పేమీ లేదు. వాళ్లింట్లో ఇంగ్లీషు చదివినవాళ్లు ఎవరూ లేరు, సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు. అచ్చులో కనిపించిందే ఆమెకు నిజం. నా దగ్గరికి వచ్చింది కాబట్టి దిద్దగలిగాను. మీ కోర్సు ఒక్కదాన్నే నమ్ముకుని ఎక్కడో హాస్టల్ గదిలో చదువుతున్న పిల్లల సంగతి తలుచుకుంటే నాకు బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

ఇంకొకటి. రివిజన్ వచ్చినప్పుడల్లా మీ యాప్ మళ్లీ అదే వాక్యం చూపిస్తుంది. నాలుగోసారికి పిల్లలు మాటను గుర్తుపట్టరు, వాక్యాన్ని గుర్తుపడతారు. వాక్యం మారితే తెల్లమొహం వేస్తారు. వద్దన్న బట్టీయే మళ్లీ వచ్చినట్టయింది. ప్రతిసారీ కొత్త వాక్యం, కొత్త సందర్భం ఇవ్వడం కంపెనీకి అంత కష్టమేమీ కాదు.

ఇవన్నీ మీ కస్టమర్ కేర్‌కు రాశాను. ‘సబ్‌స్క్రిప్షన్ యాక్టివేట్ అయ్యాక రీఫండ్ ఉండదు’ అని మాత్రం జవాబొచ్చింది. తప్పుల గురించి ఒక్క ముక్క లేదు.

తప్పు వాక్యాలను వెంటనే తీసేయండి. వాటిని ఇప్పటికే చదివిన వాళ్లందరికీ యాప్‌లోనే సరైన అర్థంతో నోటీసు పంపండి. చల్లగా దిద్దేసి ఊరుకుంటే చాలదు, వాళ్ల బుర్రలో పాత అర్థమే ఉండిపోతుంది. నేను కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌లో కేసు వేస్తాను. దాని కోసం మీ కంపెనీ ఉన్న ఊరికి రావాల్సిన పని కూడా లేదు, నేనుండే చోటే వేసుకోవచ్చు.

నేను గుర్తించిన తప్పు వాక్యాలు, వాటి స్క్రీన్‌షాట్లు, పక్కనే నేను రాసిన సరైన వాక్యాలు, డబ్బు కట్టిన రసీదు ఈ లేఖతో జత చేస్తున్నాను. నా వాక్యాలు పనికొస్తాయనుకుంటే వాడుకోండి, వాటికి నాకేమీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
మీ కోర్సు చందాదారు,
ఇంగ్లీషు టీచర్, తిరుపతి.