ఇక్కడ కూడా మన సీటు పోయింది

మెల్‌బోర్న్,
2025 జూన్ 8

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోనులో "ఇంతకీ మీ ఎంపీ ఎవరమ్మా?" అని మీరు అడిగితే నసిగాను. పేరు తెలియక కాదు, కథ పెద్దది. 2009 ఎన్నికలకు తెనాలి లోక్‌సభ స్థానం లేదని తెలిసినప్పుడు మీరు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "ఎన్.జి. రంగాగారు 1957లో గెలిచిన సీటమ్మా" అని మీరంటే, "గుంటూరు ఎంపీ అయితే మాత్రం మనకు ఎంపీ కాదా?" అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు నాకే తగిలింది. పౌరసత్వం వచ్చాక నేను మొదటి ఓటు వేసిన హిగిన్స్ నియోజకవర్గం మొన్న మే 3న జరిగిన ఎన్నికల నాటికి లేదు.

1949లో ఏర్పడిన సీటు అది. హెన్రీ బోర్న్స్ హిగిన్స్ అనే న్యాయమూర్తి పేరు పెట్టారు. కూలివాడైనా భార్యాబిడ్డలతో గౌరవంగా బతకాలంటే రోజుకు కనీసం 7 షిల్లింగులు ఇవ్వాల్సిందేనని 1907లో తీర్పు చెప్పిన మనిషి. చోద్యం ఏమిటంటే, ఆయన పేరున్న సీటు డెబ్బై ఏళ్లకు పైగా లిబరల్ పార్టీదే. ఇక్కడ లిబరల్ అంటే వ్యాపారుల వైపు మొగ్గే పార్టీ. డబ్బున్న వాళ్ల పేట టూరాక్ బంగళాలన్నీ హిగిన్స్‌లోనే ఉండేవి మరి.

మొదటి ఎంపీ హెరాల్డ్ హోల్ట్. 1966లో ప్రధాని అయ్యారు. మరుసటి ఏడు డిసెంబరు 17న షెవియట్ బీచ్‌లో ఈతకు దిగి మళ్లీ కనిపించలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటికి ఆయన నియోజకవర్గంలోనే ఒక ఈత కొలను కడుతున్నారు. దానికి ఆయన పేరే పెట్టారు! మీ మనవడు శనివారాలు ఈత నేర్చుకునేది అక్కడే. వాడు నీళ్లలో కాళ్లు కొట్టుకుంటుంటే నేను గట్టున కూర్చుని ఆ పేరు చూస్తుంటాను. నాయనమ్మ ఉండి ఉంటే "సముద్రంలో పోయిన వాడి పేరు పిల్లలు ఈదే చోటికా!" అని చెంపలు వేసుకునేది.

హోల్ట్ తరువాత ప్రధాని అయిన జాన్ గోర్టన్ సెనేటర్, అంటే ఎగువ సభ సభ్యుడు. ప్రధాని దిగువ సభలో ఉండాలన్నది ఇక్కడి ఆనవాయితీ. అందుకని సెనేట్‌కు రాజీనామా చేసి, 1968 ఫిబ్రవరిలో హిగిన్స్ ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఆ మధ్య కొన్ని వారాలు ఆయన ఏ సభలోనూ లేని ప్రధాని. ఆ తరువాత పీటర్ కాస్టెల్లో 1990 నుంచి 2009 దాకా ఉన్నారు. పదకొండేళ్లకు పైగా ఆర్థిక మంత్రి. ఆయన తప్పుకున్నాక వచ్చిన ఉప ఎన్నికలో ప్రత్యర్థి లేబర్ పార్టీ అభ్యర్థినే పెట్టలేదు. అంత గట్టి కోట.

ఆ కోట 2022లో కూలింది, నా మొదటి ఓటుకే. గెలిచింది లేబర్ పార్టీ అభ్యర్థి డాక్టర్ మిషెల్ ఆనంద రాజా. తల్లిదండ్రులు శ్రీలంక తమిళులు. ఇక్కడ ఓటరు ఒక పేరుకు గుర్తు పెడితే చాలదు, అభ్యర్థులందరికీ వరసగా 1, 2, 3 అంటూ అంకెలు వేయాలి. ఆమె మొదటి లెక్కలో వెనుకబడ్డారు, పర్యావరణ పార్టీ గ్రీన్స్‌కు 1 వేసిన వారి తరువాతి ప్రాధాన్య ఓట్లు కలిశాక నెగ్గారు. పోలింగ్ డ్యూటీలు చేసిన మీకు ఒక్కటే నచ్చదు: వేలికి సిరా లేదు, ఓటు పెన్సిల్‌తో! నేను ఎవరికి 1 వేశానో మాత్రం అడగకండి, అమ్మకు కూడా చెప్పలేదు.

గెలిచిన సంబరం ఒక్క విడతే. జనాభా అంచనాల ప్రకారం మా విక్టోరియా రాష్ట్రానికి ఒక సీటు తగ్గింది, 39 నుంచి 38కి. ఎసరు హిగిన్స్‌కు వచ్చింది. టూరాక్‌ను కూయాంగ్ సీటులో కలిపారు, సౌత్ యారా మెల్‌బోర్న్ సీటుకు వెళ్లింది, మేముండే కార్నెగీ హోథమ్ సీటుకు. పిన్ని వాళ్ల వేమూరు బాపట్లకు, మనం గుంటూరుకు పోయినట్టే. పాపం ఆ డాక్టరుగారు ఓడకుండానే సీటు పోగొట్టుకున్నారు. అయితే ఊరుకోలేదు, సెనేట్‌కు పోటీ చేసి నెగ్గారు. వచ్చే నెల 1న బాధ్యతలు తీసుకుంటారు. మెల్‌బోర్న్ సీటులో గ్రీన్స్ నాయకుడు ఆడమ్ బ్యాంట్ ఓడిపోయారు. కొత్తగా కలిసిన వీధులు ఆయనకు అచ్చిరాలేదు.

మా ఎంపీ ఇప్పుడు క్లేర్ ఒనీల్. మంత్రి కూడా. మంచి మనిషేనంటారు. అయినా పోలింగ్ బడి దగ్గర హోథమ్ అన్న బోర్డు చూడగానే ఎవరో పరాయి ఇంటికి భోజనానికి వచ్చినట్టు అనిపించింది. అప్పుడు మీరే గుర్తొచ్చారు.

2022లో గేటు దగ్గర చేతిలో పెట్టిన ప్రచార కాగితం ఒకటి నా దగ్గర మిగిలింది, హిగిన్స్ అని పెద్ద అక్షరాలతో. ఫ్రిజ్ మీద అంటించాను. మీ ట్రంకు పెట్టెలో తెనాలి పార్లమెంటు పేరున్న పాత ఓటరు చీటీ ఏదైనా ఉంటే తమ్ముడి చేత ఫోటో తీయించి పంపండి. పక్కన చోటు ఉంచాను.

మీ అమ్మాయి